పట్టేసిన పాత ట్రాక్టర్ స్టీరింగ్‌ను విడిపించడం ఎలా?

స్టీరింగ్ తిరగకపోతే చాలామంది ముందు స్టీరింగ్ రాడ్ (వీల్ నుంచి కిందికి దిగే కడ్డీ) మీద పడతారు. అసలు పట్టేసింది ఎక్కడో తేల్చుకోకుండా స్పానర్ పట్టుకోవద్దు. మొదట ముందు యాక్సిల్‌ను జాకీతో లేపి, కింద చెక్క దిమ్మలు పెట్టండి. డ్రాప్ ఆర్మ్ (స్టీరింగ్ బాక్స్ నుంచి కిందికి వేలాడే చెయ్యి) దగ్గర డ్రాగ్ లింక్ (అక్కడి నుంచి ముందు చక్రం వైపు వెళ్లే కడ్డీ) విప్పండి. మాసీ 1035 లాంటి బండికి రెండు పక్కలా ఒక్కొక్కటి ఉంటుంది కాబట్టి రెండూ విప్పాలి. ఇప్పుడు స్టీరింగ్ తేలిగ్గా తిరిగితే దాని తప్పేమీ లేదు, గ్రీజు అందక కింగ్ పిన్ (ముందు చక్రం పక్కకు తిరిగే ఇరుసు) పట్టేసింది. దమ్ము చేసిన బళ్లలో ఎక్కువగా జరిగేది ఇదే. అప్పటికీ కదలకపోతేనే ఇక్కడి నుంచి చెప్పే పని మొదలుపెట్టండి. ఇదంతా పవర్ స్టీరింగ్ లేని బళ్ల సంగతి.

కావలసినవి: స్పానర్లు, స్టీరింగ్ పుల్లర్ (వీల్‌ను రాడ్ నుంచి పైకి లాగే పనిముట్టు), ఎమరీ పేపర్, గ్రీజు, డీజిల్, 90 నంబర్ గేర్ ఆయిల్, కొత్త స్ప్లిట్ పిన్నులు. బ్యాటరీ వైరు తీసేయండి.

స్టీరింగ్ వీల్ మధ్యలో ఉండే క్యాప్ ఊడిపోతే వాన నీళ్లు పై బుష్‌లోంచి (రాడ్ పై చివరను పట్టి ఉంచే రింగు) రాడ్ వెంట కిందికి దిగుతాయి. పైన బుష్, కింద స్టీరింగ్ బాక్స్‌లోని (రాడ్ అడుగున ఉండే గేర్ల పెట్టె) బాల్స్, అంటే ఉక్కు గుండ్లు, తుప్పు పడతాయి.

వీల్ తీసేటప్పుడు నట్టు పూర్తిగా విప్పకండి. రాడ్ చివరకు సమానంగా వచ్చేదాకా వదులు చేసి, పుల్లర్ బిగించండి. నట్టు ఉంటే మర చెడదు, వీల్ ఒక్కసారిగా ఎగిరి మొహానికి తగలదు. పుల్లర్ లేదని రాడ్ నెత్తిన సుత్తితో బాదితే ఆ దెబ్బంతా కింది బాల్స్ మీదికి పోయి బేరింగ్ కప్పుల్లో గుంటలు పడతాయి. ఆ తర్వాత స్టీరింగ్ విడినా తిప్పేటప్పుడు అక్కడక్కడా తట్టుకుంటుంది. పుల్లర్ అద్దెకైనా తెచ్చుకోండి.

వీల్ తీశాక పైన రాడ్ చుట్టూ ఉన్న సందులోంచి డీజిల్ కొద్దికొద్దిగా ఉదయం, సాయంత్రం రెండు మూడు రోజులు పోయండి. రస్ట్ స్ప్రే పైపైనే ఆరిపోతుంది, అంత పొడవు రాడ్‌కు అది చాలదు. బాక్స్‌లోని పాత ఆయిల్ దించి, రాత్రంతా డీజిల్ నింపి ఉంచండి. దిగిన ఆయిల్ తెల్లగా పాలలా ఉంటే లోపలికి నీళ్లు చేరినట్టే.

అసలు చెడగొట్టేది ఇక్కడ. వీల్ మళ్లీ పెట్టి, నట్టు చేత్తో బిగించి, రెండు చేతులతో మాత్రమే తిప్పండి. వీల్‌కు పైపు తగిలించి ఇద్దరు ముగ్గురు కలిసి లాగడం కంటే చెడ్డ పని లేదు. బాక్స్ లోపల బాల్స్ నడిచే గొట్టం వంగిందంటే రోడ్డు మీద స్టీరింగ్ మళ్లీ పట్టేస్తుంది. ట్రాలీ వెనక ఉన్నప్పుడు అలా జరిగితే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు.

అటు అంగుళం, ఇటు అంగుళం. ఒకే వైపు నెడితే రాలిన తుప్పు మేకులా బిగుస్తుంది. కదిలినంత మేరే వెనక్కి తెచ్చి, డీజిల్ పోసి, మళ్లీ తిప్పండి. ఇంకొకరు రాడ్ చుట్టూ ఉండే కాలమ్ గొట్టాన్ని చెక్క సుత్తితో మెల్లగా తడుతుంటే మంచిది.

చేతికి ఏం తెలుస్తోందో గమనించండి. తిప్పినంతసేపూ ఒకే బిగువు ఉంటే పై బుష్. ఒక్కచోటే కరకరమంటే బాల్స్, బాక్స్ విప్పాల్సిందే. వీల్ కాస్త తిరిగి స్ప్రింగులా వెనక్కి వస్తే వెంటనే ఆపండి: అడుగున పట్టేసి, మధ్యలో రాడ్ మెలిపడుతోంది.

గ్యాస్ మంట పెట్టమని సలహా ఇచ్చేవాళ్లు ఉంటారు. ఎదురుగానే డీజిల్ ట్యాంకు, పోసింది డీజిలే. బండి మీద ఉండగా వేడి పెట్టొద్దు. తప్పదనుకుంటే కాలమ్ దించి, మెకానిక్ బల్ల మీద కానివ్వండి.

విడిపోయాక రాడ్‌ను ఎమరీతో రుద్ది, బుష్ మార్చి, గ్రీజు పెట్టండి. డీజిల్ పూర్తిగా దించి, బాక్స్‌కున్న లెవెల్ ప్లగ్ (ఆయిల్ మట్టం చూసే బిరడా) వరకు 90 ఆయిల్ పోయండి. బాక్స్ విప్పి ఉంటే బాల్స్ అన్నీ ఒకేసారి మార్చాలి. పాతవాటితో కలిపితే బరువంతా అరగని కొత్తవాటి మీదే పడుతుంది.

వీల్‌ను ఈ చివరి నుంచి ఆ చివరికి తిప్పి, చుట్లు లెక్కపెట్టి, సరిగ్గా సగంలో ఆపండి. ముందు చక్రాలు తిన్నగా పెట్టి డ్రాగ్ లింకులు బిగించండి. నట్లు ఊడకుండా పెట్టే పాత స్ప్లిట్ పిన్నులు మళ్లీ వాడొద్దు. యాక్సిల్ లేపి ఉండగానే రెండు వైపులా పూర్తిగా తిప్పి చూసి, తర్వాత ట్రాలీ లేకుండా పొలంలో మెల్లగా నడపండి. వీల్ క్యాప్ కొత్తది వేయండి, పాత డబ్బా మూత కాదు.