ఆడ కుందేలు మగదాన్ని కరుస్తోందా, బోను మార్చి చూడండి

మా నల్ల ఆడ కుందేలు ఉంది కదా, దాని బోనులోకి మగదాన్ని వదిలిన ప్రతిసారీ గుర్రుమంటూ మీద పడి బొచ్చు పీకేసేది, పొగరు అనుకుంటాం గానీ కాదు, ఆడవాటికి తమ చోటు మీద పట్టు ఎక్కువ. అందుకే రివర్స్ చేశా, ఆడదాన్నే మగదాని బోనులోకి తీసుకెళ్లా, గొడవే లేదు, మగది పక్కకి ఒరిగి పడిపోయిందంటే జత కట్టడం అయినట్టే, ఇక ఆడదాన్ని వెనక్కి తెచ్చేయాలి. జత కట్టిన 28వ రోజు ఎండుగడ్డి వేసి నెస్ట్ బాక్స్ (పిల్లల్ని పెట్టుకునే గూడు పెట్టె) పెట్టా, 31 రోజులకి ఈనింది. (17వ రోజు దగ్గరే బొచ్చు పీక్కుని గూడు కట్టేస్తుంటే అది ఉత్తుత్తి చూలు అయ్యుండొచ్చు.)

తల్లీ తండ్రీ రెండూ కారునలుపు, ఒక పిల్ల మాత్రం బూడిద రంగు, అదే బ్లూ అంటారే అది! వేరే మగది దూరిందేమో అని ఇంట్లో ఒకటే చర్చ, అదేం లేదండీ, రంగుని పల్చన చేసే జీన్ రెండిట్లోనూ దాగి ఉంటే ప్రతి పిల్లకీ నాలుగింట ఒక వంతు ఛాన్స్ ఉంటుంది. నాకైతే ఆ బ్లూనే నచ్చింది. రెండు బ్లూలని కలిపితే మాత్రం నల్లవి రావు, నలుపే కావాలంటే జత అలా కట్టకండి.