బెంగళూరులో ఇంటి ఇంటర్నెట్ కంపెనీ పట్టించుకోకపోతే: ఫిర్యాదు, అప్పీలు దరఖాస్తు విధానం

మారతహళ్లి, బెళ్లందూరు, కేఆర్ పురం వైపు అద్దెకుండే మనవాళ్లు నెట్ ఆగిపోగానే ముందుగా లైన్‌మ్యాన్‌కు వాట్సాప్ మెసేజ్ పెడతారు. అతను వచ్చి బాగుచేస్తే సరే. చేయకపోతే మాత్రం ఆ మెసేజ్ ఎందుకూ పనికిరాదు, ఎందుకంటే కంపెనీ లెక్కలో మీరు అసలు ఫిర్యాదే చేయలేదు.

అందుకే మొదటి రోజే కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసి గానీ, యాప్‌లో గానీ ఫిర్యాదు నమోదు చేయండి. డాకెట్ నంబరు అడిగి తీసుకోండి. కొన్ని కంపెనీలు దీన్నే టికెట్ నంబరు అంటాయి. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2012లో తెచ్చిన ఫిర్యాదుల పరిష్కార నిబంధనల ప్రకారం ప్రతి ఫిర్యాదుకూ ఈ నంబరు ఇవ్వాల్సిందే. తర్వాత ఎక్కడికి వెళ్లినా ముందు అడిగేది ఇదే.

అందరికీ ఒళ్లు మండేది ఇక్కడే: నెట్ రాకుండానే ‘మీ సమస్య పరిష్కారమైంది’ అని ఎస్సెమ్మెస్ వస్తుంది. విసుగొచ్చి మళ్లీ కొత్త ఫిర్యాదు పెడతాం. అలా చేయకండి. ప్రతిసారీ కొత్త నంబరు పుడితే, పాత ఆలస్యం అంతా రికార్డులో కనిపించకుండా పోతుంది. ఆ ఎస్సెమ్మెస్ స్క్రీన్‌షాట్ తీసుకుని, పాత డాకెట్ నంబరుతోనే అప్పీలుకు వెళ్లండి.

ఫిర్యాదు తేలకపోతే అప్పీలు వినడానికి కంపెనీకి అప్పీలేట్ అథారిటీ ఉండాలి. దాని ఈమెయిల్, ఫోన్ నంబరు కంపెనీ వెబ్‌సైట్‌లో ఉంటాయి, కాకపోతే అడుగున చిన్న అక్షరాల్లో వెతుక్కోవాలి. అప్పీలుకు ఫీజు లేదు. ఫిర్యాదు పరిష్కారానికి ఉన్న గడువు ముగిశాక 30 రోజుల్లోపు పంపాలి, వాళ్లు 39 రోజుల్లో తేల్చాలి. ఆవేశమంతా మెయిల్‌లో కుమ్మరించకుండా కనెక్షన్ ఐడీ, డాకెట్ నంబరు, నెట్ లేని తేదీలు, మీకేం కావాలో (బాగుచేయడమా, ఆ రోజుల బిల్లు తగ్గించడమా, డిపాజిట్ వాపసా) రాయండి. కట్టిన బిల్లు రసీదులు, ఇంటర్నెట్ పెట్టె మీద ఎర్రగా వెలుగుతున్న లాస్ (LOS, అంటే సిగ్నల్ రావట్లేదని చూపే) లైటు ఫోటో జతచేయండి. స్పీడు తక్కువన్న ఫిర్యాదైతే ల్యాప్‌టాప్‌కు కేబుల్ పెట్టి టెస్ట్ చేయండి. వైఫైలో చేస్తే ‘మీ గోడల వల్ల’ అనేస్తారు.

ట్రాయ్‌కే నేరుగా రాద్దామని చాలామంది అనుకుంటారు. ట్రాయ్ నిబంధనలు చేస్తుందే తప్ప ఒక్కొక్కరి ఫిర్యాదును విచారించదు. అప్పీలులోనూ న్యాయం జరగకపోతే టెలికాం శాఖ ఉంది: 1063కు ఫోన్ చేయొచ్చు, లేదా కేంద్ర ప్రభుత్వ ఫిర్యాదుల పోర్టల్ సీపీగ్రామ్స్‌లో టెలికాం శాఖను ఎంచుకుని దరఖాస్తు పెట్టొచ్చు. డాకెట్, అప్పీలు వివరాలు లేకుండా వెళ్తే మళ్లీ కంపెనీ దగ్గరికే పంపుతారు.

డబ్బు వాపసు, నష్టపరిహారం కావాలంటే వినియోగదారుల దారి వేరే ఉంది. 1915 హెల్ప్‌లైన్‌లో తెలుగులోనూ మాట్లాడొచ్చు. వాళ్లు కంపెనీతో మాట్లాడి రాజీకి ప్రయత్నిస్తారు, ఆదేశాలు ఇవ్వలేరు. ఆదేశం కావాలంటే జిల్లా వినియోగదారుల కమిషన్‌కే వెళ్లాలి. టెలికాం గొడవలు కమిషన్ వినకూడదని కంపెనీలు వాదించేవి. వినొచ్చని సుప్రీంకోర్టు 2022 ఫిబ్రవరిలో స్పష్టం చేసింది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరు నివసించే జిల్లాలోనే కేసు వేయొచ్చు, కాబట్టి కంపెనీ హెడ్డాఫీసు ముంబయిలో ఉన్నా బెంగళూరులోనే వేయండి. సేవకు కట్టిన సొమ్ము 5 లక్షల లోపైతే ఫీజు లేదు, లాయరూ తప్పనిసరి కాదు. వినియోగదారుల కమిషన్ల ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే దాఖలు చేయొచ్చు. సమస్య తలెత్తిన నాటి నుంచి 2 ఏళ్లలోపు వేయాలి.

రూమ్మేట్లతో ఉండేవాళ్లకు ఒక మాట. కనెక్షన్ ఎప్పుడో హైదరాబాద్ వెళ్లిపోయిన ఫ్రెండ్ పేరు మీదే ఉంటుంది, ఓటీపీలన్నీ అతనికే వెళ్తాయి. గొడవ మొదలవక ముందే పేరు, మొబైల్ నంబరు మార్పించుకోండి. అప్పటికే సమస్య వచ్చి ఉంటే అప్పీలు మెయిల్ అతని రిజిస్టర్డ్ ఐడీ నుంచే పంపించండి. కనెక్షన్ వదిలేసేటప్పుడు రౌటర్‌ను ఊరికే చేతికివ్వకండి: సీరియల్ నంబరు, తేదీ రాయించి, సంతకం పెట్టించుకుని రసీదు తీసుకోండి, ఆటోపే కూడా ఆ రోజే ఆపేయండి.