లారీ గేటు ముందు ఆగాక రేటు పెంచితే

కూకట్‌పల్లి నుంచి విశాఖ మధురవాడకు ఇల్లు మారినప్పుడు ప్యాకర్స్ వాళ్లు 24 వేలన్నారు. తీరా లారీ వచ్చాక సూపర్‌వైజర్ 33 వేలు అడిగాడు. "మేడమ్, మూడో అంతస్తు, లిఫ్ట్ లేదు. అట్టపెట్టెలూ పెరిగాయి" అన్నాడు. డబ్బు ఇస్తేనే తాడు విప్పుతాడట!

మూడో అంతస్తు అని కొటేషన్‌లో ముందే రాయించాను. ఆ కాగితం చూపించగానే మెట్ల చార్జీ పోయింది. పెట్టెలు పెరిగిన మాట నిజమే కాబట్టి వాటికి 2 వేలు ఇచ్చాను, అది న్యాయం.

అందుకే ఫోన్‌లో చెప్పిన రేటు నమ్మకండి. ఇంటికి పిలిచి, మంచాల నుంచి పూలకుండీల దాకా లిస్టు రాయించండి. ప్యాకింగ్, ఎక్కించడం, దించడం, మెట్లు, టోల్, జీఎస్టీ, ఇన్సూరెన్స్‌లలో ఏవి రేటులో కలిశాయో విడివిడిగా ఉండాలి. అడ్వాన్స్ వీలైనంత తక్కువ ఇవ్వండి.

గొడవ వస్తే, పెంచినదానికి కారణం రాసి సంతకం పెట్టమనండి. చిన్నపిల్లలతో రోడ్డు మీద నిలబడలేక కట్టాల్సి వచ్చినా నగదు మాత్రం ఇవ్వొద్దు. యూపీఐలో కట్టి, "అభ్యంతరంతోనే కడుతున్నాను" అని అప్పటికప్పుడు వాట్సాప్ చేయండి. బిల్లు తీసుకోండి.

తర్వాత జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి. తేలకపోతే మీరుంటున్న జిల్లాలోనే వినియోగదారుల కమిషన్‌లో 2 ఏళ్లలోపు కేసు వేయొచ్చు. చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపైతే ఫీజు లేదు, లాయర్ తప్పనిసరి కాదు.