ప్రభుత్వ సాయం పోస్టాఫీసు ఖాతాలో పడాలంటే: బెంగళూరు తెలుగువారికి

ఖాతా తెరవడం తేలిక. టెన్షన్ అంతా తర్వాతే. ఖాతా చేతికొచ్చి నెలలు గడుస్తున్నా గృహలక్ష్మి (ఇంటి యజమానురాలికి కర్ణాటక ప్రభుత్వం నెలనెలా ఇచ్చే సాయం) రెండు వేలు పడవు, లేదా ఊళ్లో పొలం మీద వచ్చే పీఎం కిసాన్ విడత ఎటు పోయిందో తెలియదు.

ముందు ఒకటి తేల్చుకోండి. పోస్టాఫీసులో రెండు రకాల ఖాతాలున్నాయి. ఒకటి పాత పొదుపు ఖాతా, కనీసం 500 రూపాయలు ఉంచాలి. రెండోది 2018లో మొదలైన ఇండియా పోస్ట్ పేమెంట్స్ బ్యాంకు ఖాతా. ఇందులో మామూలు ఖాతాకు కనీస నిల్వ అక్కర్లేదు, రోజు ముగిసేసరికి రెండు లక్షలు దాటి ఉండకూడదు. కౌంటర్ ఒకటే కావచ్చు గానీ ఐఎఫ్‌ఎస్‌సీ కోడ్‌లు వేరు. కూలి పనికి వెళ్లేవారికి రెండోదే నయమని నా అభిప్రాయం.

దీనికి ఆధార్, ఆధార్‌కు లింకయిన ఫోన్, పాన్ కార్డు తీసుకెళ్లండి. పాన్ లేకపోతే దాని బదులు డిక్లరేషన్ ఫారం నింపిస్తారు. రాజ్‌భవన్ రోడ్డులోని జీపీఓ (పెద్ద పోస్టాఫీసు) దాకా పోనక్కర్లేదు, మీ పేటలోని పోస్టాఫీసు చాలు. ఓటీపీ చెప్పి, వేలిముద్ర వేస్తే పనైపోతుంది. తాపీ పని చేసేవాళ్లకు సిమెంటుతో వేళ్లు అరిగి ముద్ర పడదు. చేతులు కడిగి తుడుచుకుని, వేరే వేలు పెట్టి చూడమనండి. ఆధార్‌లో బయోమెట్రిక్ లాక్ చేసి ఉన్నా ముద్ర తీసుకోదు, ముందే అన్‌లాక్ చేసుకోండి.

ఇక అసలు పని. ఆధార్ ఆధారంగా పంపే సాయం మీరు రాసిచ్చిన ఖాతా నంబరును బట్టి రాదు, ఆధార్ ఏ బ్యాంకుతో ముడిపడి ఉందో అక్కడికే పోతుంది. అలా ముడిపడేది ఒక్క బ్యాంకుతోనే. కేవైసీకి, అంటే ఖాతాదారు ఎవరో గుర్తించడానికి, ఆధార్ ఇచ్చినంత మాత్రాన ఇది జరగదు. సబ్సిడీ డబ్బు ఈ ఖాతాలోనే వేయమని అంగీకారం విడిగా ఇవ్వాలి. కౌంటర్‌లో "డీబీటీకి సీడింగ్ చేయండి" (సర్కారు సాయం నేరుగా ఈ ఖాతాలో పడేట్టు ఆధార్‌ను ముడిపెట్టండి) అని నోరు తెరిచి అడగండి. ఊళ్లో ఎప్పుడో జన్‌ధన్ ఖాతా తెరిచి మరిచిపోయినవాళ్ల డబ్బు చాలాసార్లు అందులోనే పడుతుంటుంది. కొన్ని రోజులాగి మైఆధార్ వెబ్‌సైట్‌లో 'బ్యాంక్ సీడింగ్ స్టేటస్' చూస్తే ఏ బ్యాంకు పేరుందో తెలుస్తుంది.

గృహలక్ష్మికి దరఖాస్తు మాత్రం బెంగళూరు వన్ కేంద్రంలో. కర్ణాటక రేషన్ కార్డులో ఇంటి యజమానురాలిగా మీ పేరుండాలి. మీరు గానీ భర్త గానీ ఆదాయపు పన్ను కడుతుంటే వర్తించదు. మన పేర్లతో చిక్కేమిటంటే, ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా, రేషన్ కార్డులో ఒక్క అక్షరంగా ఉంటుంది. రెండూ ఒకేలా ఉండేట్టు ముందే సరిచేయించుకోండి.

డబ్బు తీసేటప్పుడు రసీదు అడిగి తీసుకోండి. "ఫెయిలైంది, మళ్లీ వేలు పెట్టండి" అంటే ఫోన్‌కి వచ్చిన మెసేజ్ చూశాకే పెట్టండి. తేడా వస్తే పేమెంట్స్ బ్యాంకు నంబరు 155299కి ఫోన్ చేయండి.

ఆంధ్రలో ఎన్టీఆర్ భరోసా పింఛను ఉన్న పెద్దవాళ్లు మీ దగ్గర ఉంటుంటే, దానికి ఈ ఖాతా పనికిరాదు. అది అక్కడ ఇంటి దగ్గరే చేతికిస్తారు కాబట్టి వాళ్లు ఊరెళ్లి తీసుకోవాల్సిందే.