పెడల్ కొనేముందు చేతిని సరిచేసుకోండి

నల్లగొండ వైపు డప్పు కొట్టేవాళ్ల చేతులను గమనించండి. అదే తోలు, అవే రెండు కర్రలు: సిర్ర, సిటికెన పుల్ల. దెబ్బ నడుమ పడితే గుమ్మంటుంది, అంచున పడితే టంగుమంటుంది. ఎలక్ట్రిక్ గిటార్‌కూ ఇదే లెక్క. తీగ మీద చెయ్యి పుట్టించని నాదాన్ని ఏ పెడలూ (కాలితో నొక్కి నాదాన్ని మార్చే పెట్టె) తెచ్చిపెట్టలేదు.

ముందు ఆంప్ (గిటార్ మోతను పెద్దది చేసే పెట్టె) సర్దండి. పెడళ్లన్నీ తీసేసి, గిటార్ వాల్యూమ్ 10లో ఉంచి, ఆంప్ మీద గరగరను పెంచే గెయిన్ నాబ్‌ను సున్నా నుంచి మెల్లగా పెంచండి. మెత్తగా మీటితే శుభ్రంగా పలకాలి, గట్టిగా మీటితే గరగరలాడాలి. ఆ చోటే ఆగండి. ఇంకా పెంచితే మెత్తటి దెబ్బకు కూడా ఆంప్ గరగరలాడుతుంది, రెండు దెబ్బలకూ తేడా మిగలదు. కొత్తవాళ్లు ఎక్కువమంది ఇక్కడే దెబ్బతింటారు: గెయిన్ ఎక్కువ పెట్టుకుంటే తమ చెయ్యి చేసేది తమకే వినపడదు.

ఇక పిక్ (తీగను మీటే చిన్న బిళ్ల) పడే చోటు. అన్నిటికన్నా సన్నటి తీగ నుంచి లెక్కపెట్టి మూడో తీగను ఏ ఫ్రెట్టూ (గిటార్ మెడ మీది అడ్డ కడ్డీ) నొక్కకుండా, సరిగ్గా 12వ ఫ్రెట్ పైన మీటండి. నాదం గుండ్రంగా, బోలుగా వస్తుంది. అది తీగకు నట్టనడుమ. రెండో, నాలుగో, ఆరో హార్మోనిక్‌లు (అసలు స్వరంతో కలిసి పలికే పై స్వరాలు) పలకాలంటే తీగ అక్కడ కదలకుండా ఉండాలి. మీరు అక్కడే లాగి వదిలారు కాబట్టి అవి పుట్టవు. అక్కడి నుంచి ఒక్కో అంగుళం బ్రిడ్జి (గిటార్ ఒంటి మీద తీగలు ఆనే చోటు) వైపు జరుగుతూ మీటండి. బ్రిడ్జికి 3, 4 సెంటీమీటర్ల దూరానికి వచ్చేసరికి అదే స్వరం సన్నగా, పదునుగా మారుతుంది. ట్రెబుల్ నాబ్ ముట్టుకోకుండానే ఇంత తేడా వస్తుంది. ఒకే చిన్న వరసను ఇలా నాలుగు చోట్ల వాయించి, ఏ పాటకు ఏది నప్పుతుందో చెవితో తేల్చుకోండి.

పిక్ మందం 0.7 మిల్లీమీటర్లు ఉంటే స్ట్రమ్మింగ్‌కు (తీగలన్నిటినీ ఒక్క ఊపులో మీటడం) హాయి. సోలోలకు 1 మిల్లీమీటరు, ఆపైన మేలు. పల్చటిది వంగిపోయి దెబ్బ బలాన్ని తానే మింగేస్తుంది. వేళ్ల బయటికి 4, 5 మిల్లీమీటర్లు కనిపిస్తే చాలు. తీగకు సమాంతరంగా పట్టుకుంటే మోత స్పష్టం. కాస్త వాల్చితే మొదటి దెబ్బ మెత్తబడుతుంది, కానీ చుట్టిన లావు తీగల మీద గీరుడు శబ్దం తోడవుతుంది.

ఎడమచేతి పని ఎవరూ పట్టించుకోరు, సగం అపశ్రుతులు అక్కడివే. శ్రుతిని చూపే ట్యూనర్ పెట్టి మూడో తీగ 5వ ఫ్రెట్ నొక్కండి. మామూలుగా నొక్కితే సి స్వరం సరిగ్గా చూపిస్తుంది. బలమంతా పెట్టి నొక్కితే ముల్లు పైకి జరుగుతుంది, ఎందుకంటే రెండు ఫ్రెట్ల నడుమ తీగ ఇంకా సాగుతుంది. విడి తీగలన్నీ శ్రుతిలోనే ఉన్నా కార్డ్ (కొన్ని స్వరాలు కలిపి ఒకేసారి) వాయిస్తే తేడా కొట్టడానికి కారణం చాలాసార్లు ఇదే. వేలిని ఫ్రెట్ కడ్డీకి ఆనుకున్నట్టుగా, దాని వెనకాలే పెట్టండి. పట్టును వదులు చేస్తూ పోతే ఒకచోట తీగ జుయ్‌మంటుంది. దానికంటే వెంట్రుకవాసి ఎక్కువ బలం చాలు.

బెండింగ్‌కు (నొక్కిన తీగను పక్కకు లాగి స్వరాన్ని పెంచడం) మూడో తీగ 7వ ఫ్రెట్‌ను ఉంగరపు వేలితో పట్టి, వెనక రెండు వేళ్లు ఆసరా ఇచ్చి లాగండి. 9వ ఫ్రెట్ పలికే ఇ స్వరం దాకా చేరాలి. ముందు 9వది మీటి విని, తర్వాత లాగితే చెవికి గురి దొరుకుతుంది. వాయించని తీగలను కుడి అరచేతి అంచుతో, ఎడమ చూపుడువేలి కొసతో ఆపిపెట్టండి.

చెయ్యి సరిగ్గానే ఉన్నా లావు తీగలు పై ఫ్రెట్లలో అలలు అలలుగా వణికితే, పికప్ (తీగల కింద ఉండి వాటి కదలికను పట్టే భాగం) అయస్కాంతం తీగను లాగుతోందని అర్థం. స్క్రూ తిప్పి పికప్‌ను కిందికి దించండి. చివరి ఫ్రెట్ నొక్కినప్పుడు తీగకూ పికప్‌కూ నడుమ 2, 3 మిల్లీమీటర్ల ఎడం ఉండాలి.

పాలమూరు, నల్లగొండ ఎండాకాలంలో చేతి చెమటకు తీగలు తొందరగా తుప్పుపడతాయి. తుప్పు తీగ మీద మెత్తగా మీటినా గట్టిగా మీటినా ఒకే మొద్దు మోత. వాయించాక ప్రతిసారీ పొడి నూలు గుడ్డతో ప్రతి తీగనూ పైనా కిందా తుడవండి.