తోటలోని బోర్డుకు ఇంటి ల్యాప్‌టాప్‌పై కంపైలింగ్

చిత్తూరు దగ్గరి మా మామిడితోటలో డ్రిప్పు వాల్వులను తెరిచి మూసే పనిని రాస్ప్‌బెర్రీ పై జీరో అనే చిన్న కంప్యూటర్ బోర్డుకు అప్పగించాము. ఒకే ఒక్క కోరు, 1 గిగాహెర్ట్జ్ వేగం, 512 మెగాబైట్ల ర్యామ్ ఉన్న ఆ బోర్డు వాల్వుల పనికి కావలసినదానికంటే ఎక్కువే. అయితే సీ ప్లస్ ప్లస్‌లో రాసిన ప్రోగ్రామును దానిమీదే కంపైల్ చేయబోతే, అంటే చిప్పుకు అర్థమయ్యే ఆదేశాలుగా మార్చబోతే, ర్యామ్ చాలక, మెమరీ కార్డును స్వాప్‌గా, అంటే ర్యామ్‌కు బదులుగా, వాడుకుంటూ గంటల తరబడి నానా అవస్థ పడుతుంది. అందువల్ల తిరుపతిలోని ల్యాప్‌టాప్‌పై కంపైల్ చేసి, తయారైన ఫైలును మాత్రమే తోటకు పంపుతున్నాను. దీనినే క్రాస్ కంపైలింగ్ అంటారు.

ల్యాప్‌టాప్‌లోని మామూలు కంపైలర్ జీసీసీ ఇంటెల్, ఏఎండీ చిప్పులకు తెలిసిన ఆదేశాలనే రాస్తుంది కనుక, బోర్డులోని ఆర్మ్ రకం చిప్పు కోసం వేరే కంపైలర్ కావాలి. డెబియన్, ఉబుంటు అనే లినక్స్ సిస్టమ్‌లలో అది ఆర్మ్‌హెచ్‌ఎఫ్ పేరుతో ప్యాకేజీగా దొరుకుతుంది. నేను పొరబడింది అక్కడే. ఆ ప్యాకేజీ ఆర్మ్ ఏడో వెర్షన్ చిప్పులను ఉద్దేశించినది. పై జీరోలో ఉన్నది ఆరో వెర్షన్. కంపైలింగ్ నిమిషాలలో ముగిసింది, తయారైన ఫైలు ఆర్మ్‌దేనని ‘ఫైల్’ అనే కమాండు కూడా చెప్పింది, తీరా తోటలో నడిపితే ‘ఇల్లీగల్ ఇన్‌స్ట్రక్షన్’ అంటూ ఆగిపోయింది. కంపైలరుకు ఆరో వెర్షన్ అని ఆప్షన్ ఇచ్చినా సరిపోదు, ఎందుకంటే ప్రతి ప్రోగ్రాము మొదట్లో లింకరు (ముక్కలను ఒకే ఫైలుగా కలిపేది) చేర్చే చిన్న ఆబ్జెక్టు ఫైళ్లు ఆ ప్యాకేజీలో ఏడో వెర్షన్‌కే తయారై ఉంటాయి. కాబట్టి ఆరో వెర్షన్ కోసమే తయారైన టూల్‌చెయిన్‌ను (కంపైలరు, లింకరు వంటి సాధనాల కట్టను) తెచ్చుకోవాలి, లేదా క్రాస్‌టూల్ ఎన్‌జీ అనే సాధనంతో స్వయంగా తయారు చేసుకోవాలి. 2021లో వచ్చిన పై జీరో 2 డబ్ల్యూ ఉన్నవారికి, దాని చిప్పు కొత్తది కనుక, ఈ బాధ లేదు.

చిప్పు సంగతి తేలాక లైబ్రరీల సంగతి. ల్యాప్‌టాప్‌లోని టూల్‌చెయిన్‌తో వచ్చిన జీలిబ్‌సీ (దాదాపు అన్ని ప్రోగ్రాములూ వాడే మూల సీ లైబ్రరీ) బోర్డులోనిదానికంటే కొత్తదైతే, దానితో లింకు చేసిన ప్రోగ్రాము బోర్డుపై ‘జీలిబ్‌సీ ఫలానా వెర్షన్ దొరకలేదు’ అని మొరాయించవచ్చు. దీనికి విరుగుడుగా బోర్డులోని లిబ్, యూఎస్ఆర్ లిబ్, యూఎస్ఆర్ ఇన్‌క్లూడ్ ఫోల్డర్లను ఆర్‌సింక్ అనే కాపీ సాధనంతో ల్యాప్‌టాప్‌లో ఒకచోటికి తెచ్చి, దానినే సిస్‌రూట్‌గా, అంటే బోర్డు ఫైళ్ల నకలుగా, కంపైలరుకు చూపాలి. వీటిలోని కొన్ని సింబాలిక్ లింకులు (వేరే ఫైలు వైపు చూపే గుర్తులు) రూటు నుంచి మొదలయ్యే పూర్తి దారితో ఉంటాయి. అవి ల్యాప్‌టాప్ సొంత ఫైళ్ల వైపు చూడకుండా తామున్న చోటి నుంచి మొదలయ్యే సాపేక్ష దారులుగా మార్చాలి. కంపైలింగ్‌ను నడిపించే సీమేక్ అనే సాధనం వాడేవారు కంపైలరునూ, సిస్‌రూట్‌నూ ఒక టూల్‌చెయిన్ ఫైలులో రాసి, లైబ్రరీలనూ హెడర్లనూ (లైబ్రరీ ఫంక్షన్ల వివరాలుండే ఫైళ్లనూ) సిస్‌రూట్‌లో మాత్రమే వెతకమని అందులోనే చెప్పాలి. ఈ ఒక్క మాట మరిచిపోతే సీమేక్ ల్యాప్‌టాప్ హెడర్లను తెచ్చి కలిపేస్తుంది, తప్పు ఎక్కడుందో పట్టుకోవడానికి ఒక పూట పడుతుంది. సీ లైబ్రరీలు అవసరం లేని గో భాషలోని ప్రోగ్రాములకు ఇంత తతంగం అక్కరలేదు. ఆపరేటింగ్ సిస్టమ్ లినక్స్, చిప్పు ఆర్మ్, వెర్షన్ 6 అని మూడు వేరియబుల్స్ పెడితే చాలు.

పంపే ముందు టూల్‌చెయిన్‌లోని రీడ్‌ఎల్ఫ్ అనే కమాండుతో ఫైలు లక్షణాలను చూడాలి. సీపీయూ ఆర్కిటెక్చర్ వరుసలో ఏడు కనిపిస్తే ఆ ఫైలు పనికిరాదు. సరిగా ఉంటే వేరే పేరుతో బోర్డుకు చేర్చి, వాల్వులన్నీ మూసి ఉన్న వేళ సర్వీసును ఆపి, పాత ఫైలు పేరు మార్చి పక్కన ఉంచి, కొత్తదానికి అసలు పేరు పెట్టి మళ్లీ నడపాలి. పాతదాన్ని చెరిపేస్తే, ఏదైనా తేడా వచ్చినప్పుడు తిరుపతి నుంచి సుమారు 70 కిలోమీటర్లు బండి మీద వెళ్లాల్సి వస్తుంది.