నచ్చిన అనిమే, నచ్చని అనిమే: వాదన తేలాలంటే ఏం చూసుకోవాలి

అనిమే, అంటే జపాన్ యానిమేషన్ సిరీస్‌ల మీద వాదన ఇలా ఉంటుంది: "నరుటో పీక్ ఫిక్షన్" (ఇంతకు మించిన కథ లేదు) అని ఒకరు, "మిడ్" (ఓ మోస్తరు) అని ఇంకొకరు. అరగంట తర్వాత కూడా ఇద్దరూ అక్కడే ఉంటారు. ఒకాయన మాంగా (అనిమేకి మూలమైన జపాన్ బొమ్మల కథ) చదివాడు, ఇంకొకాయన ఫిల్లర్లు (మాంగాలో లేని అదనపు ఎపిసోడ్లు) కూడా వదలకుండా చూశాడు, మధ్యలో దూరిన మూడో ఆయన ఫైట్ క్లిప్పులు తప్ప ఏమీ చూడలేదు. మూడు వేర్వేరు సరుకుల గురించి మాట్లాడుతూ పేరు మాత్రం ఒకటే వాడుతున్నారు. అందుకే నచ్చలేదు అనేముందు ఏది నచ్చలేదో విడదీసుకోవాలి: కథా, దాన్ని తెరకెక్కించిన తీరా, నడకా, బొమ్మా, డబ్బింగా, ముగింపా. ఎలా విడదీయాలో కింద ఉంది. కొంచెం లెక్క కూడా ఉంది, ఫోన్‌లో క్యాలిక్యులేటర్ చాలు.

ఏ వెర్షన్?

ముందు వెర్షన్, ఏడాది చెప్పండి. "ఫుల్‌మెటల్ ఆల్కెమిస్ట్" అంటే చాలదు. 2003 నాటి సిరీస్‌కి 51 ఎపిసోడ్లు. అప్పటికి హిరోము అరకావా మాంగా సగంలో ఉంది కాబట్టి అనిమే బృందం సొంత దారి పట్టి సొంత ముగింపు ఇచ్చింది. 2009లో మొదలైన బ్రదర్‌హుడ్ 64 ఎపిసోడ్లలో మాంగాను చివరిదాకా అనుసరించింది. రెండూ బోన్స్ స్టూడియోవే.

చాలామంది బ్రదర్‌హుడ్‌దే పైచేయి అని తేల్చేస్తారు. మొత్తం కథ మీద అది నిజమే కావచ్చు. కానీ మొదటి భాగం వరకు చూస్తే 2003దే మెరుగని వాదించడానికి గట్టి ఆధారం ఉంది. హ్యూస్ అనే పాత్ర కథలోని కీలక ఘట్టం 2003 సిరీస్‌లో 25వ ఎపిసోడ్‌లో వస్తుంది, బ్రదర్‌హుడ్‌లో 10వ ఎపిసోడ్‌కే వచ్చేస్తుంది. మనిషితో పరిచయం పెరగడానికి ఒకచోట దొరికిన సమయం రెండోచోట దొరకలేదు. వాదించేటప్పుడు ఇలా ఎపిసోడ్ నంబర్లు చెబితే, "ఫీల్ లేదు" అని పదిసార్లు అనక్కర్లేదు.

హంటర్ × హంటర్‌ది కూడా ఇదే తంతు: 1999 వెర్షన్ వేరు, మ్యాడ్‌హౌస్ 2011లో మొదలుపెట్టిన 148 ఎపిసోడ్ల వెర్షన్ వేరు. సోలో లెవెలింగ్‌ని మాంగా అన్నవాళ్లను మాత్రం మొదట్లోనే ఆపండి. అది కొరియా వెబ్ నవల, తర్వాత కొరియా బొమ్మల కథ, అంటే మన్హ్వా. అనిమే ఒక్కటే జపాన్‌ది.

తెలుగు డబ్‌లో చూసినవాళ్లు ఆ మాట ముందే చెప్పాలి. షిన్‌చాన్, డోరేమాన్ రోజుల నుంచీ మనకు తెలుగు గొంతులు అలవాటే. 2025 సెప్టెంబరులో డీమన్ స్లేయర్ ఇన్ఫినిటీ కాసిల్ కూడా తెలుగులో థియేటర్లకు వచ్చింది. "డైలాగులు ఓవర్‌గా ఉన్నాయి" అనిపిస్తే అదే సీన్‌ని జపనీస్ ఆడియోతో రెండు నిమిషాలు చూడండి. అక్కడా అరుపులే ఉంటే తప్పు దర్శకుడిదో రచయితదో. అక్కడ మామూలుగా ఉంటే డబ్బింగ్‌ది. ఇంకో చిక్కు: ఇన్ఫినిటీ కాసిల్‌తోనే మొదలుపెట్టి "ఎవరు ఎవరో అర్థం కాలేదు" అనేవాళ్లు ఉన్నారు. అది హషీరా ట్రైనింగ్ సీజన్ తర్వాత జరిగే కథ, పైగా మూడు సినిమాల్లో మొదటిది. ఆ ఫిర్యాదుకు మార్కులు కోయకూడదు.

నడక లెక్క

అనిమే వాదనల్లో పరుగులు పెట్టించారనో సాగదీశారనో అనే ఫిర్యాదే ఎక్కువ. దీన్ని లెక్కగట్టి చూపించవచ్చు. ఆ సీజన్‌లో ఎన్ని మాంగా చాప్టర్లు అయిపోయాయో చూసి ఎపిసోడ్ల సంఖ్యతో భాగించండి.

ది ప్రామిస్డ్ నెవర్‌ల్యాండ్ తీసుకోండి. మాంగా మొత్తం 181 చాప్టర్లు. 2019లో వచ్చిన మొదటి సీజన్ 12 ఎపిసోడ్లలో 37 చాప్టర్లు చెప్పింది, అంటే ఎపిసోడ్‌కి మూడు. మిగిలినవి 144. 2021లో రెండో సీజన్ 11 ఎపిసోడ్లలో కథ ముగించేసింది, అంటే ఎపిసోడ్‌కి 13 చాప్టర్లు పట్టాలి. పట్టవు కాబట్టి గోల్డీ పాండ్ ఆర్క్‌ని, అంటే ఆ పేరుతో సాగే కథాభాగాన్ని, మొత్తంగా ఎత్తేశారు, ఆఖరున మిగిలిన కథను వరుస బొమ్మలుగా చూపించి వదిలేశారు. "సీజన్ 2 చెత్త" అనే మాటకు ఇంతకంటే బలమైన సాక్ష్యం అక్కర్లేదు. టోక్యో గూల్ రీ కూడా అంతే: 179 చాప్టర్లు, 24 ఎపిసోడ్లు, ఎపిసోడ్‌కి ఏడున్నర. మాంగా చదవనివాళ్లు అది చూసి కథ తెలియలేదంటే తప్పు వాళ్లది కాదు.

ఇక్కడే చాలామంది ఒక తప్పు చేస్తారు: అన్ని చాప్టర్లూ ఒకే నిడివి అనుకుంటారు. వారపత్రికలో వచ్చే చాప్టర్ దాదాపు 19 పేజీలు. మాసపత్రికలో వచ్చేది 40 పైనే. ఫుల్‌మెటల్ మాసపత్రిక మాంగా, 108 చాప్టర్లు. వాటిని 64 ఎపిసోడ్లతో భాగిస్తే 1.7 వస్తుంది, చూడ్డానికి నిదానంగా ఉన్నట్టుంది. కానీ వారపత్రిక కొలతలో అది నాలుగు చాప్టర్లకు దగ్గర. అటాక్ ఆన్ టైటన్ కూడా మాసపత్రికదే. కాబట్టి ముందు పేజీల్లోకి మార్చి తర్వాత పోల్చండి. వారపత్రిక లెక్కలో ఎపిసోడ్‌కి రెండు మూడు చాప్టర్లైతే కథ హాయిగా నడుస్తుంది. ఐదు దాటిందంటే ఏదో కోశారని అనుమానించి, ఏం కోశారో వెతకండి. ఒకటి కంటే తగ్గితే సాగదీతే. వన్ పీస్ అనిమే మీద ఏళ్ల తరబడి ఉన్న గొడవ ఇదే. వారం వారం వచ్చే మాంగాను దాటిపోకూడదని, చూపుల మీద చూపులు, పరుగుల మీద పరుగులు పెట్టి నెట్టుకొచ్చారు. 2026 నుంచి ఏడాదికి 26 ఎపిసోడ్లకు మించవని ఆ అనిమే తీసే స్టూడియో తోయీ ప్రకటించాల్సి వచ్చింది.

సాగదీత, ఫిల్లర్ ఒకటి కాదు. ఫిల్లర్ అంటే మాంగాలో లేని కథ, దాన్ని దాటేసినా నష్టం లేదు. బ్లీచ్‌లో 64 నుంచి 109 దాకా బౌంట్ ఆర్క్ అలాంటిది. పాత నరుటో 220 ఎపిసోడ్లలో 136 నుంచి దాదాపు ఆఖరుదాకా అదే సంగతి. సాగదీత మాత్రం అసలు కథలోనే కలిసిపోయి ఉంటుంది, దాన్ని దాటేయలేం. "ఫిల్లర్లు తీసేస్తే వన్ పీస్ ఫాస్ట్" అనేవాళ్లు ఈ తేడా పట్టుకోలేదు. నిజానికి వన్ పీస్‌లో శుద్ధ ఫిల్లర్ తక్కువే.

బొమ్మ బాగాలేదా, ఆపిన ఫ్రేమ్ బాగాలేదా?

వాదనలో స్క్రీన్‌షాట్ బయటికి తీశారంటే జాగ్రత్త. సెకనుకు 24 ఫ్రేములు ఉంటాయి. టీవీ అనిమేలో ఒక్కో బొమ్మ తరచు మూడేసి ఫ్రేములు నిలబడుతుంది, అంటే సెకనుకు ఎనిమిది బొమ్మలు. వేగంగా కదిలే చోట మధ్య బొమ్మను కావాలనే సాగదీసి గీస్తారు. కదులుతున్నప్పుడు అది ఊపుగా కనిపిస్తుంది, ఆపి చూస్తే మైనం కరిగినట్టుంటుంది.

నరుటో రెండో సిరీస్ షిప్పూడెన్‌లో 167వ ఎపిసోడ్ దీనికి పాత ఉదాహరణ. పెయిన్ అనే పాత్రతో పోరులో సాగిపోయిన మొహాలను ఆపి తీసిన స్క్రీన్‌షాట్లు ఇప్పటికీ తిరుగుతున్నాయి, "బడ్జెట్ అయిపోయింది" అనే వ్యాఖ్యతో. ఆ ఎపిసోడ్ క్రెడిట్స్‌లో అత్సుషి వకబయాషి పేరు ఉంటుంది. పాత నరుటోలో అందరూ నెత్తిన పెట్టుకునే 133వ ఎపిసోడ్, నరుటో సాస్కే పోరు, దానికీ దర్శకత్వం ఆయనదే. అంటే చేతకాక కాదు, ఎంచుకున్న శైలి. ఆ శైలి మీకు నచ్చకపోవచ్చు, నచ్చలేదని ధైర్యంగా చెప్పండి, కానీ "డబ్బుల్లేక" అనకండి. పరీక్ష తేలిక: అనుమానం వచ్చిన సీన్‌ని ఆపకుండా మామూలు వేగంతో రెండుసార్లు చూడండి. కదలికలో బరువు, దిశ తెలుస్తుంటే బొమ్మ సరిగానే ఉంది. నిలబడి మాట్లాడే సీన్‌లో కూడా కళ్లు అటూ ఇటూ జారిపోతుంటే, దూరపు షాట్లలో మొహాలు చెరిగిపోతుంటే అది సమయం చాలక జరిగిన పని. అలాంటివి తర్వాత బ్లూరేలో దిద్దడం మామూలే, అందుకని ఎక్కడ చూశారో కూడా చెప్పుకోండి.

స్టూడియో పేరు పట్టుకుని ఊగిపోవడం ఇంకో జబ్బు. వన్ పంచ్ మ్యాన్ మొదటి సీజన్ 2015లో మ్యాడ్‌హౌస్, రెండోది 2019లో జె.సి. స్టాఫ్. తేడా అందరికీ కనిపించింది. కానీ మొదటి సీజన్‌కి దర్శకుడు షింగో నత్సుమే. ఆయన పరిచయాలతో వచ్చి చేరిన ఫ్రీలాన్స్ యానిమేటర్లే ఆ సీజన్‌కి ప్రాణం. వాళ్లు ఏ ఒక్క కంపెనీ జీతగాళ్లూ కారు. కాబట్టి స్టూడియో కంటే ముందు దర్శకుడు, కథా విభజన చేసిన రచయిత, ఆ ఎపిసోడ్ స్టోరీబోర్డ్ గీసినవారు, యానిమేషన్ డైరెక్టర్ (గీసిన బొమ్మలను దిద్దేవారు), ఈ నాలుగు పేర్లు చూడండి. ఒక్క ఎపిసోడ్‌కే యానిమేషన్ డైరెక్టర్లు పది పదిహేను మంది కనిపిస్తే షెడ్యూల్ తగలబడిందని గట్టిగా అనుమానించవచ్చు.

కథ మీద మాట్లాడేటప్పుడు

"షోనెన్ కదా, పిల్లల కథే" అనే మాట వాదనలో వాడకండి. షోనెన్ (అబ్బాయిలు), సెయినెన్ (పెద్ద మగవాళ్లు), షోజో (అమ్మాయిలు), జోసెయి (పెద్ద ఆడవాళ్లు) అనేవి కథల రకాలు కావు, ఏ పాఠకుల పత్రికలో అచ్చయిందో చెప్పే గుర్తులు. డెత్ నోట్, అటాక్ ఆన్ టైటన్ షోనెన్ పత్రికల్లోనే వచ్చాయి. మనం చిన్నప్పుడు చూసిన షిన్‌చాన్ మాత్రం 1990లో పెద్దవాళ్ల పత్రికలో మొదలైంది. విన్‌లాండ్ సాగా అయితే ఒకే ఏడాదిలో షోనెన్ వారపత్రిక నుంచి సెయినెన్ మాసపత్రికకు మారింది.

ముగింపుల మీద గొడవ పడేటప్పుడు ఏ ముగింపు అని అడగండి. అటాక్ ఆన్ టైటన్‌కి మూడున్నాయి: 2021 ఏప్రిల్‌లో పత్రికలో వచ్చిన 139వ చాప్టర్, కొన్ని పేజీలు అదనంగా చేరిన 34వ సంపుటం, చివరి సంభాషణను మార్చి పెంచిన 2023 నవంబరు అనిమే ఎపిసోడ్. పత్రికలో చదివి తిట్టినవాళ్లలో కొందరు అనిమే చూశాక మెత్తబడ్డారు. వాళ్లు మాట మార్చినట్టు కాదు, వాళ్లు చూసిందే మారింది.

నచ్చనివాటి జాబితాకు ఒక షరతు పెట్టండి: కనీసం ఒక కోర్, అంటే 12 లేదా 13 ఎపిసోడ్లు చూసి ఉండాలి. మూడు ఎపిసోడ్ల నియమం చూడాలా వద్దా అని తేల్చుకోవడానికి పనికొస్తుంది, తీర్పుకు చాలదు. మూడో ఎపిసోడ్‌లోనే అసలు రంగు బయటపెట్టే మడోకా మాజికా లాంటివి అరుదు. "ఎందుకు నచ్చలేదు?" అనే ప్రశ్నకు అందరూ తత్వం చెబుతారు. దాని బదులు "ఏ ఎపిసోడ్‌లో వదిలేశావు?" అని అడగండి. నలుగురూ ఒకే చోటు చెబితే లోపం అక్కడుంది. హంటర్ × హంటర్‌ని 2011 వెర్షన్‌లో వదిలేసినవాళ్లను అడిగితే 76 నుంచి 136 దాకా సాగే కైమెరా యాంట్ ఆర్క్ పేరే ఎక్కువగా వినిపిస్తుంది. అది చాలామందికి సిరీస్‌లోకెల్లా గొప్ప ఆర్క్ కూడా. మంచి వాదన కావాలంటే అక్కడ కూర్చోండి.

మార్కులు వేసుకునే పద్ధతి

ఆరుగురు కూర్చుంటే ఒక్కొక్కరు మూడు నచ్చినవి, ఒకటి నచ్చనిది తేవాలి. ఒక్కోదానికి ఐదు నిమిషాలు, రెండు గంటల్లో అయిపోతుంది. ప్రతిదానికీ పదికి చొప్పున రెండు వేర్వేరు మార్కులు వేయండి: నాకెంత నచ్చింది, ఎంత బాగా చేశారు. ఒకే మార్కు పెడితే చిన్నప్పటి ఇష్టం, పనితనం కలిసిపోయి ఏదీ తేలదు. అందరూ రాసేదాకా ఎవరూ నోరు విప్పకూడదు, లేకపోతే మొదట మాట్లాడినవాడి మార్కు చుట్టూనే అందరివీ తిరుగుతాయి. తర్వాత ఇద్దరి మధ్య మూడు మార్కులకు పైగా తేడా ఉన్నవాటినే చర్చకు తీసుకోండి, మిగతావి వదిలేయండి.

స్ప్రెడ్‌షీట్‌లో పెడితే, చూడనివాళ్లు గడి ఖాళీగా వదలాలి, సున్నా వేయకూడదు. ఖాళీ గడిని సగటు పట్టించుకోదు, సున్నా మాత్రం మంచి సిరీస్‌ని కూడా పాతాళానికి లాగేస్తుంది. ముగ్గురి కంటే తక్కువమంది చూసినదానికి సగటే కట్టకండి. 5 అంటే మామూలు, 7 అంటే బాగుంది అని ముందే ఒప్పుకోండి. మైఅనిమేలిస్ట్ అనే రేటింగ్ సైట్ కొలత కూడా అదే, అయినా జనం 7ని ఫెయిల్ మార్కులా వాడుతుంటారు. టియర్ లిస్ట్ (మెట్లవారీ జాబితా) చేస్తే ఎస్‌లో, అంటే అన్నిటికంటే పై మెట్టులో, పదో వంతుకు మించి పెట్టనివ్వకండి, 30 పేర్లకు మూడే.

సైట్ ర్యాంకులను సాక్ష్యంగా తెచ్చేవాళ్లకు ఒక సంగతి గుర్తుచేయండి. గింతామా తర్వాతి సీజన్లు పై వరుసల్లో గుంపుగా ఉండటానికి ఒక కారణం, అక్కడిదాకా వచ్చేవాళ్లు ఎలాగూ అభిమానులే. నచ్చనివాళ్లు మొదటి సీజన్‌లోనే దిగిపోయారు. కాబట్టి సీక్వెల్ మార్కును సీక్వెల్‌తోనే పోల్చాలి.

స్పాయిలర్ల సంగతి కూర్చునేముందే తేల్చండి. గుంపులో అందరికంటే వెనకున్నవాళ్ల ఎపిసోడ్ నంబరే హద్దు. మాంగా చదివినవాళ్లు దాన్ని దాటకుండా మాట్లాడాలి. "ఆగు, ముందుంది అసలు సంగతి" అని నవ్వడం కూడా నిషిద్ధం, ఎందుకంటే ఆ పాత్ర ఇంకా బతికే ఉంటుందనో, వాడే విలన్ అనో ఆ నవ్వుతోనే సగం చెప్పేసినట్టు. హద్దు దాటి మాట్లాడి తీరాలంటే ఆ సిరీస్‌ని ఆఖరికి నెట్టి, చూడనివాళ్లు టీకి లేచాక మొదలుపెట్టండి.